మీటరు చెప్పిన అందాజ

అందాజ అన్న మాట వింటే నాకు ఎందుకు ఒళ్ళు మండుతదో చెప్పాల్నంటే ముందుగాల మా నాయిన ముచ్చట చెప్పాలె. కారు ముచ్చట తర్వాత.

మా నాయిన గొర్ల కాపరి. బిజినేపల్లి దగ్గర మా ఊరు. చదువు రాదు, సంతకం రాదు. గానీ గొర్రెను నడుము కాడ చేతితోటి తడిమి, ఒక్కసారి లేపి దించి, "పద్నాలుగు కిలోల మాంసం పడుతది" అన్నడంటే సంతల ఎవ్వరు తూకానికి కాంట అడుగకపోయేటోళ్ళు. అందాజ అంటే మా ఇంట్ల నోటికొచ్చింది చెప్పుడు కాదు. నాకు తొమ్మిదేండ్లున్నప్పుడు ఒకాయన పండుగకు పొట్టేలును కొనుక్కపోయిండు. నాయిన పద్నాలుగు కిలోలన్నడు. మూడో దినం ఆ మనిషి మా వాకిట్లకొచ్చి, పన్నెండే పడ్డదని చెప్పిండు. కొట్లాటకు రాలే పాపం, తొవ్వల పోతూ పోతూ ఊకె చెప్పిండు. నాయిన దొడ్లకు పోయి ఒక గొర్రెపిల్లను తెచ్చి ఆయన చేతుల పెట్టిండు.

అది నేను సీసతోటి పాలు తాపి పెంచిన పిల్ల. నల్ల చెవులది. నేను నేల మీద పడి పొర్లాడి ఏడ్చిన. మా అవ్వ, అంటే నాయినను కన్నతల్లి, ఆమె గూడ మొత్తుకున్నది. "ఆయన అడుగనే లేదు గదరా!" అన్నది. "అడుగకపోతే నేను మర్చిపోవాల్నా? అందాజ తప్పితే చెప్పినోడు నష్టపోవాలె. నమ్మినోడు ఎందుకు నష్టపోతడు?" అన్నడు నాయిన. రెండు దినాలు నేను ఆయనతోటి మాట్లాడలే. గానీ ఆ మాట మాత్రం నా బొక్కల్లకు దిగింది.

గిప్పుడు కారు ముచ్చట.

నేను సర్కారు బడి టీచర్ను. ఇల్లు కొత్తకోటల, మా ఆయనది అక్కడ సిమెంటు దుకాణం. నా బడి నాగర్‌కర్నూలు దాటి అచ్చంపేట తోవల ఒక చిన్న ఊర్ల. పోను డెబ్బై ఐదు కిలోమీటర్లు, రాను డెబ్బై ఐదు. బడికి టీచర్ను నేనొక్కదాన్నే. తాళం చెవి నా దగ్గరనే ఉంటది. నేను పోతే బడి తెరుచుకుంటది, పోకుంటే లేదు. ఇరవై ముగ్గురు పిల్లలు. ఆ ఊరికి ప్రైవేటు బడి పచ్చ వ్యాను పొద్దుగాల ఎనిమిదిన్నరకు వస్తది, బడి ముందర్నించే తిరిగిపోతది. నేను ఒక పది దినాలు ఆలస్యం చేస్తే చాలు, పిల్లలు ఆ వ్యాను ఎక్కుతరు. పిల్లలు లేని బడికి ఇగ తాళమే. ఇదంతా ఎందుకు చెప్తున్ననంటే, నాకు కారు షోకు కాదు. మూడు బస్సులు మారి పోతే పదిన్నరైతుండె, అందుకని కొన్న.

నలభై రెండేండ్లకు డ్రైవింగు నేర్చుకున్న. మా వంశంల స్టీరింగు పట్టిన ఆడది నేనే మొదలు. మా ఆయన పెట్రోల్ బండి కొందమన్నడు. నేనే వినలే. రాత్రి ఇంట్ల ప్లగ్గుకు పెడితే పొద్దుగాల్లకు నిండుతది, బంకుల కాడ నిలబడే పని లేదు, కరెంటు బండే కావాలన్న. షోరూముల పిలగాడు ఎంత తియ్యగ చెప్పిండనుకున్నరు! "ఒక్కసారి ఫుల్ ఛార్జింగు పెడితే మూడు వందల కిలోమీటర్లు మేడం. మీరు పోయొచ్చేది నూట యాభై. సగానికి సగం మిగులుతది. మిగిలిన దాంతోటి సార్‌ను సినిమాకు తీస్కపోండి" అన్నడు. నేను నవ్విన. మా ఆయన నవ్వలే.

మొదటి ఏడు బాగనే ఉండె. ఫుల్ ఛార్జింగు పెడితే మీటరు మీద ఇంకా ఎంత దూరం పోతవో నంబరు వస్తది గదా, అది రెండు వందల ఎనభై చూపెట్టేది. మూడు వందలు కాదు గదా అని నేను లొల్లి పెట్టలే. కొత్త కోడలికి కూడ కొన్ని తప్పులు మాఫీ చేస్తం. రెండో ఏడు రెండు వందల నలభైకి వచ్చింది. మూడో ఏడు రెండు వందల ఐదు. అది మీటరు చెప్పేది. తోవ చెప్పేది ఇంకో కథ. నూట యాభై నడిచి ఇల్లు చేరేసరికి పదిహేను మిగిలేది. అంటే ఒక్క కిలోమీటరు నడిస్తే మీటరు ఒకటింబావు మింగుతాంది. కొత్తకోట పొలిమేర వచ్చేసరికి నా కన్ను తోవ మీద కాదు, మీటరు మీదనే ఉండేది.

సర్వీస్ సెంటరు మహబూబ్‌నగర్ల ఉన్నది. పోయిన. అక్కడి మేనేజరు మెడల టై పట్టీ, కాళ్ళకు బూట్లు, చేతిల ట్యాబు. నేను చెప్పేది సగం కూడ వినలే. "టైర్లల్ల గాలి తక్కువుంది మేడం" అని గాలి కొట్టి పంపిండు. గాలితోటి ఏమైతది? ఏం కాలే. మళ్ళ పోయిన. "ఏసీ వాడుతున్నరా మేడం?" అన్నడు. ఎండకాలం, ఒంటిపూట బడులు, మధ్యాన్నం వాపసు వచ్చేది నేను. ఏసీ వాడక ఏం వాడాలె, ఇసనకర్రనా? సరే, అది గూడ చూద్దమని ఏసీ బంద్ పెట్టిన. తడిపిన తువ్వాల మెడకు చుట్టుకుని నడిపిన నెల దినాలు. చీర చెమటకు సీటుకు అతుక్కునేది. బడిల దిగితే పిల్లలు, "టీచర్, మీరు వానల తడిసిండ్రా?" అని అడిగేటోళ్ళు. అంత జేసినా ఎక్కువ మిగిలింది పది కిలోమీటర్లే.

మూడోసారి పోయినప్పుడు మేనేజరు మా ఆయన దిక్కు తిరిగిండు. నాతోటి కాదు, ఆయనతోటి మాట్లాడుతున్నడు! "సార్, లేడీస్ జర గాబరాగా నడుపుతరు. ఒకసారి యాక్సిలేటర్ తొక్కుతరు, ఒకసారి బ్రేకు తొక్కుతరు. బ్యాటరీ బాగనే ఉన్నది, కంప్యూటర్ల చూసిన. మేడం డ్రైవింగు మార్చుకుంటే చాలు." మా ఆయన తలకాయ ఊపిండు. ఊపిండు! మూడేండ్ల సంది ఒక్క గీత పడకుండ, ఒక్క కోడిపిల్లను గూడ తొక్కకుండ నడిపిన మనిషిని పక్కన పెట్టుకుని తలకాయ ఊపిండు. ఆ కాగితం మీద, జాబ్ కార్డంటరు దాన్ని, "కస్టమర్ డ్రైవింగ్ సరిగ లేదు" అని రాసి నాతోటే సంతకం పెట్టించిండ్రు. అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా పెట్టిన. ఆ సంతకానికి నేను ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంట.

"మరి మీరు మూడు వందలని చెప్పిండ్రు గదా?" అని అడిగిన. ఆ మేనేజరు నవ్విండు. "అది అందాజ మేడం. అందాజ అంటే అందాజనే గదా!" అన్నడు.

అందాజ అంటే అందాజనేనట. నల్ల చెవుల పిల్ల కండ్ల ముందర మెదిలింది నాకు.

అయితే ఊకె పంపలే. "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసినం మేడం, ఇప్పుడు చూడండి" అన్నరు. చూస్తే ఫుల్ ఛార్జింగుకు మీటరు రెండు వందల ముప్పై ఒకటి! నాకు పాణం లేచొచ్చింది. మా ఆయనకు గూడ చూపెట్టిన. "చూసినవా, నా కాలు కాదు తప్పు, వాళ్ళ లెక్కలే తప్పు" అన్న. వారం దాటినంక సమజైంది. నంబరు పెంచిండ్రు గానీ దూరం పెంచలే. రోగికి జ్వరం తగ్గకపోతే థర్మామీటరు మీద గీతలు చెరిపేసినట్టుంది వీళ్ళ కత. కాకిలెక్కలు!

సమజైంది అన్న గానీ, పూర్తిగ సమజయ్యే లోపటనే దెబ్బ తిన్న. ఒక రాత్రి గాలి దుమారం వచ్చి కరెంటు పోయింది. పొద్దుగాల చూస్తే బండి సగం కంటె కొంచెం ఎక్కువ నిండింది. మీటరు నూట పద్దెనిమిది అంటున్నది. బడి డెబ్బై ఐదు. ఎంత లేదన్నా చేరుకుంట, చేరుకున్నంక బడిల అన్నం వండే ఆమె ఇంట్ల ప్లగ్గుకు పెట్టుకుంట అనుకున్న. వాళ్ళ ఇంటి కరెంటు ఫ్యాను తిప్పుడే కష్టం, రోజూ పెడితే వైర్లు కాలుతయి, గానీ ఒక్క దినానికి ఏం గాదులే అనుకున్న. అప్‌డేట్ లేకుంటే ఆ మీటరు వందకు దగ్గర్నే చూపెట్టు, నేను భయపడి కిరాయి బండి మాట్లాడుకుందు. నంబరును నమ్మి బయలెల్లిన.

బడికి ఇంకా తొమ్మిది కిలోమీటర్లుంది. మీటరు ముప్పై ఒకటి. చూస్తుండంగనే పన్నెండు. ఒక్క మలుపు తిరిగేసరికి నంబరే పోయి రెండు గీతలొచ్చినయి. బండి ఉన్న కాడ్నే ఆగింది. ఇటు చెట్లు, అటు చెట్లు, నడుమ నేను. వంటామెకు ఫోన్ చేసిన. "పిల్లలు వచ్చి తలుపు ముందర కూసున్నరమ్మా, తాళం ఉన్నది గదా, నేను ఏం జెయ్యాలె?" అన్నది. గంట దాక ఒక్క బండి రాలే. వచ్చింది గొర్లను తోలుకపోయే ఆటో. ఎనకాల గొర్ల నడుమ నిలబడి పోయిన. గొర్ల కాపరి బిడ్డను, నాకు అది నామోషి కాదు. నామోషి ఏందంటే, పోయేసరికి పదిన్నరైంది, బడి ముందర ఒక్క పిల్ల లేదు. తలుపు కాడ ఒక పలక మాత్రం మర్చిపోయిండ్రు.

మర్నాడు ఊరోళ్ళు నలుగురు వచ్చిండ్రు. మర్యాదగనే మాట్లాడిండ్రు. "టీచరమ్మా, మీరు మంచిగ చెప్తరు, మాకు ఎరుకే. గానీ గిట్ల తాళం చూసి వాపసు వచ్చుడైతే మేము పిల్లలను వ్యాన్ల పంపుతం" అన్నరు. పై ఆఫీసు నుంచి సంజాయిషీ అడుగుతూ కాగితం గూడ వచ్చింది. కారణం ఏం రాయాలె? మీటరు అబద్ధం చెప్పిందని రాయాల్నా?

మా ఆయన, "బండి అమ్మేద్దం. నీతోని గాదు" అన్నడు. బండితోని గాదు అంటే ఊకుందును. నీతోని గాదు అన్నడు. ఆ దినం మా ఇంట్ల అన్నం ఎవ్వరు సక్కగ తినలే.

నేను పోయి నాయినకు చెప్పుకున్న. మా ఊరు నా తోవలనే గదా. అరుగు మీద కూసుని మొత్తం విన్నడు. డెబ్బై ఏండ్ల మనిషి, ఇప్పటికీ మంద ఎనుక పోతడు. నేను ఏడుస్తుంటె ఓదార్చలే. "రేపట్సంది నేను నీ పక్కన కూసుంట" అన్నడు.

వారం దినాలు నా పక్క సీట్ల కూసున్నడు, చేతికర్ర కాళ్ళ నడుమ పెట్టుకుని. ఆ వారం వైర్ల భయం పక్కన పెట్టి, బడి నడిచినంతసేపు బండిని వంటామె ఇంట్ల ప్లగ్గుకు పెట్టిన. నాయినకు చదువు రాదు గానీ మందను లెక్కపెట్టుడు వచ్చు. కుడి జేబుల చింతగింజలు పోసుకున్నడు. తోవ పొంటి కిలోమీటరు రాయి దాటినప్పుడల్లా ఒక్క గింజ కుడి జేబులకెల్లి ఎడమ జేబులకు. మధ్యమధ్య, "మీటరు ఎంత మేసింది బిడ్డా?" అని అడిగేటోడు. పది గింజలకు మీటరు పద్దెనిమిది మేసింది. ఇంకో పది గింజలకు పంతొమ్మిది. మరి నా కాలు? నా కాలును గూడ చూసిండు. "నువ్వు తోలుడు మంచిగనే ఉన్నది. ముసలి గొర్రెను గూడ గింత మెల్లగ తోలరు" అన్నడు. మూడేండ్ల సంది ఆ ఒక్క మాట ఎవ్వరన్నా అంటరేమోనని చూసిన నేను. స్టీరింగు పట్టుకునే కండ్లు తుడుచుకున్న.

శనివారం బడైనంక ఇద్దరం సీదా మహబూబ్‌నగర్ పోయినం. సెంటరుకు చేరేసరికి మీటరు మీద డెబ్బై నాలుగున్నది. మేనేజరు నన్ను చూడంగనే, "మళ్ళ వచ్చిండ్రా మేడం" అని నవ్విండు. బ్యాటరీ బాగనే ఉందని ట్యాబు చూపెట్టవోయిండు. నాయిన ఆ ట్యాబు దిక్కు చూడనే లేదు.

"సారూ, ఈ మీటరు ఎంత అంటున్నది?" అన్నడు.

"డెబ్బై నాలుగు పెద్దాయనా."

"మా ఊరు ఈడికి నలభై రాళ్ళు. మా బిడ్డకు తోలుడు రాదంటివి. నీకొస్తది గదా. మమ్ముల మా ఊర్ల దించిరా. నీ లెక్క నిజమైతే ఇంకా ముప్పై నాలుగు మిగులుతది. నువ్వు వాపసు వచ్చెటందుకు కిరాయి నేనిస్త."

చుట్టూ నలుగురు మెకానిక్కులు చూస్తున్నరు. మేనేజరుకు కాదన రాలే. నవ్వుకుంటనే స్టీరింగు ముందర కూసున్నడు. నాయిన పక్క సీట్ల, నేను ఎనుక. నా బండిల నేను ఎనుక సీట్ల కూసునుడు అదే మొదలు.

బాగనే తోలిండు, అబద్ధం చెప్పొద్దు. మెత్తగ తొక్కుతూ, బ్రేకు కొట్టకుండ. "చూడండి మేడం, ఇట్ల నడపాలె" అని అద్దంల నన్ను చూసి చెప్పిండు. నాయిన ఎడమ జేబుల ఐదు గింజలు పడ్డయి. మీటరు అరవై ఐదు. ఆ మనిషి నవ్వు బందైంది. తొమ్మిది గింజలకు యాభై ఎనిమిది. తన చేత్తోని తానే ఏసీ బంద్ చేసిండు. పన్నెండు గింజలకు యాభై రెండు. మెడపట్టీ వదులు చేసుకున్నడు, చెమటలు కారుతున్నయి. నా తడి తువ్వాల ఇద్దమనుకున్న, ఇయ్యలే. పదహారో రాయి కాడ చాయ్ హోటల్ ముందర బండి పక్కకు ఆపిండు.

మీటరు నలభై నాలుగు చూపెడుతున్నది.

"ఇక్కణ్ణించి తిరుగుదం పెద్దాయనా" అన్నడు.

"ఎందుకు కొడుకా? ఇంకా నలభై నాలుగున్నది. మా ఊరు ఇరవై నాలుగే గదా. నడువు."

"లేదు పెద్దాయనా, నడుమ ఆగిపోతది. ఈ మీటరును నమ్మలేం."

అన్నంక తెలిసింది ఆయనకు ఏమన్నడో. నేను ఎనుక నుంచి, "మరి నేను నమ్మాల్నా?" అన్న. అద్దంల నా మొకం చూడలే ఈసారి.

సెంటరుకు తిరిగొచ్చినం. కొత్త జాబ్ కార్డు తీసిండు. బ్యాటరీ విప్పి చూస్తమని రాసిండు. రాసి, కాగితం కలము తీస్కపోయి మా నాయినకు ఇచ్చిండు. "సారీ పెద్దాయనా, ఇక్కడ సంతకం" అన్నడు. చూసిండ్రా? బండి నాది, పైసలు నావి, మూడుసార్లు తిరిగింది నేను, సారీ మాత్రం మొగమనిషికి. నాయిన కలము ముట్టలే.

"నాకెందుకు చెప్తవు? నాకు సైకిల్ తొక్కుడు గూడ రాదు. తోలేది ఆమె. నువ్వు దొంగను చేసింది ఆమెను" అన్నడు.

నేను కలము తీసుకున్న. సంతకం పెట్టేముందు పాత మూడు కార్డులు తెప్పించిన. "కస్టమర్ డ్రైవింగ్ సరిగ లేదు" అని రాసి నాతోటి సంతకం పెట్టించిన కార్డు మీద ఆ మాట కొట్టేసి, పక్కన "డ్రైవింగ్ తప్పు కాదు" అని ఆయన చేతనే రాయించిన. సంతకం పెట్టించుకున్న. మెకానిక్కులందరు చూస్తుండంగ.

బ్యాటరీ విప్పితే లోపట ఒక పెట్టె మొత్తానికే చెడిపోయి ఉన్నది. ఎప్పట్సందో చెడిపోయి ఉన్నది. కొత్తది కంపెనీ నుంచి రావాలన్నరు. వారం అన్నరు, రెండు వారాలన్నరు. అదిగూడ అందాజనే! నలభై దినాలు పట్టింది. నలభై దినాలు నేను మూడు బస్సులు మారి పదిన్నరకు బడికి పోయిన. కిరాయి బండి రోజూ నాతోని గాకపోయె. తాళం చెవి వంటామెకు ఇచ్చి చూసిన, ఆమె తలుపు తీసేది, పిల్లలు లోపట కూసునేటోళ్ళు, గానీ పాఠం ఎవ్వరు చెప్పాలె? ఊరోళ్ళు ముందుగాల్నే చెప్పిండ్రు గదా. మాట తప్పలే వాళ్ళు. మొదటి వారం ఇద్దరు, తర్వాత ఒక్కరు, తర్వాత ఒకే ఇంట్ల ముగ్గురు. పచ్చ వ్యాను ఎక్కిండ్రు. బస్సు దిగి నేను నడుసుకుంట వస్తుంటే ఆ వ్యాను ఎప్పుడో పోయి ఉండేది, వాళ్ళ మొకాలు గూడ కనపడకపోయేది.

బండి వచ్చింది. ఇప్పుడు మంచిగనే నడుస్తున్నది. ఎనిమిదీ ముప్పావుకు తాళం తీస్తున్న. పిల్లలు పదిహేడు మంది. వ్యాను ఫీజు కట్టినంక పిల్లలను మధ్యల ఎవ్వరు వాపసు తెస్తరు?

మా ఆయన ఒక దినం అన్నం తింటూ, "నీ కాలు తప్పేం లేకుండె" అన్నడు. అంతే. నేను పెరుగు ఒడ్డించిన. గింకా ఎక్కువ ఆయన నోట్ల నుంచి రాదని నాకెరుక.

మొన్న కంపెనీ నుంచి ఫోనొచ్చింది. మంచిగ మాట్లాడే ఆడపిల్ల. "మేడం, మీ బండికి వారంటీ కింద బ్యాటరీ భాగం ఉచితంగా మార్చినం. మా సేవకు పదికి ఎన్ని మార్కులు వేస్తరు?" అని అడిగింది. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు, దాని కొలువు అది. గానీ అడిగింది గదా, చెప్పిన.

"అమ్మా, మా నాయిన గొర్ల కాపరి. ఆయన అందాజ ఒక్కసారి తప్పితే, తన మందలకెల్లి పిల్లనిచ్చిండు. మీ అందాజ తప్పితే నా బడిలకెల్లి ఆరుగురు పిల్లలు పోయిండ్రు. మీరేమిస్తరు?"



"మేడం, పదికి ఎన్ని వేసుకోమంటరు?" అన్నది.